రెండు ఖాళీల మావయ్య

ఆయనకు లోకంలో దేని పక్కనైనా సరిగ్గా రెండు ఖాళీలుండాలి. కోడ్‌లో లోపలి వరుసకు ముందు రెండు ఖాళీలు. కప్పుకీ కీబోర్డుకీ మధ్య రెండు వేళ్లు. లిఫ్టు దగ్గర ముందు మనిషికి రెండడుగులు. ఆ రెండడుగుల్లోకి రోజూ ఎవరో ఒకరు దూరేవారు కనుక, ఆఫీసంతా 'మావయ్యా' అని పిలిచే ఆయన మెట్లెక్కే వచ్చేవాడు.

కొత్తమ్మాయి చేరేనాటికి ఆయన ఓ కలలో ఉన్నాడు: ఆఫీసు చేసే నాలుగు వెబ్‌సైట్లకీ ఒకే నియమాల ఫైలు. ఎవరు తప్పు రాసినా మనిషి నోరు చేసుకోనక్కర్లేదు, తెర మీద ఎర్రగీత పడుతుంది.

"కోడంతా తీగ మీద పిట్టల్లా ఉంటుందమ్మా," అన్నాడు, కిటికీలోంచి మెల్లగా జారే ఎండను చూస్తూ.

"పిట్టల మధ్యా రెండు ఖాళీలేనా, మావయ్యా?"

"అవి ఎప్పట్నుంచో పాటిస్తున్నాయి. మనమే ఆలస్యం."

ప్రతి నియమం కిందా అది ఎందుకు పుట్టిందో, ఎవరి తప్పు వల్ల పుట్టిందో రాసేవాడు. నలభై నియమాల కిందా ఒకటే మాట: 'తప్పు నాది.'

"ఇన్ని తప్పులు చేసి ఉద్యోగమెలా నిలబెట్టుకున్నావయ్యా?" అని తోటివారు నవ్వేవారు.

"ఖాళీలు సరిగ్గా పెట్టాను."

ఇంతలో కొత్తమ్మాయి కొంప ముంచింది. 'ఈయన యజమానేనా?' అని అడగాల్సినచోట, రెండు సమాన గుర్తులకు బదులు ఒక్కటే పెట్టి 'ఈయనే యజమాని' అని రాసేసింది. ఆ పూట సైటుకొచ్చిన ప్రతివారికీ 'యజమానిగారికి స్వాగతం!' అని మర్యాద జరిగింది. ఆమె ఉద్యోగం ఖాయం చెయ్యాలో వద్దో తేలేది ఆ శుక్రవారమే.

శుక్రవారం మేనేజరు అందరినీ కూర్చోబెట్టాడు. "ఎవరి ఘనకార్యమిది? ఆ ఫైల్లో ఉంటుందిగా, తియ్యండి."

గోడ మీది పెద్ద తెర మీద నలభై ఒకటో నియమం వచ్చింది: 'పోల్చే చోట ఒక్క సమాన గుర్తు కూడదు. తప్పు నాది.'

"మళ్లీ నువ్వేనా!" అంటూ మేనేజరు విసుగ్గా ఫైలును మొదటి నియమాల వైపు జరిపాడు. ఏడో నియమం దగ్గర చెయ్యి ఆగింది. పదేళ్ల కిందట కొనుగోలుదార్లందరి పేర్లూ చెరిపేసిన తప్పది. ఎవరిదో మేనేజరు కంటే బాగా ఎవరికీ తెలియదు. కిందేమో, 'తప్పు నాది.'

మేనేజరు దగ్గాడు. "సరే, సరే. అమ్మాయి ఉద్యోగం ఖాయం. పనుల్లోకి వెళ్లండి."

ఆమె పరుగున మావయ్య బల్ల దగ్గరికి వెళ్లింది. ఆయన కిటికీలోంచి తీగ మీది పిట్టల్ని లెక్కపెడుతున్నాడు.

"మావయ్యా, మీ మేలు..."

"అదంతా ఎందుకుగానీ," అన్నాడాయన తల తిప్పకుండానే, "రెండడుగులు వెనక్కి జరుగమ్మా."