చివరి బోర్డు కింద నా పేరు

మా అబ్బాకి విజయవాడ వన్ టౌన్‌లో పింగాణీ సామాన్ల కొట్టు ఉండేది. చిన్నప్పటి నుంచీ కప్పుల మధ్యే పెరిగినా, కప్పు చేయడం మాత్రం నేను డ్రాయింగ్ టీచరుగా ఉద్యోగంలో చేరాకే నేర్చుకున్నాను. నేర్పింది కాలేజీ నాటి నా స్నేహితురాలు. కంకిపాడు దగ్గర వాళ్ళ పొలంలో రేకుల షెడ్డు వేసి, కుమ్మరి సారె, కరెంటు బట్టీ పెట్టుకుంది. ఆదివారం వస్తే నేను బస్సెక్కేదాన్ని. వాళ్ళమ్మగారు మధ్యాహ్నం నాకూ కలిపి వండేవారు. రంజాన్ నెలలో మాత్రం పొద్దుగూకే దాకా ఆగి, ఖర్జూరాలు ప్లేట్లో పెట్టి తెచ్చేవారు.

ఒకరోజు తను ఫోన్‌లో ఒక కప్పు ఫొటో చూపించింది. పిడి ఉండాల్సిన చోట రెండు గుండ్రటి బిళ్ళలు అతికించి ఉన్నాయి. పసుపు రంగు, నల్ల అంచు. నిన్నో మొన్నో చేసినట్టుంది. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ జర్మనీలో చేసిందట.

"దీని కథేంటో కనుక్కోవే, నీకు చదివే ఓపికుంది" అంది.

కనుక్కున్నాను. జర్మన్ వ్యాసాలను ఫోన్‌లోనే తర్జుమా చేసుకుంటూ, అర్థం కానివి మళ్ళీ మళ్ళీ చదువుకుంటూ. ఆ కప్పును గీసింది ఓ యువతి. పేరుమోసిన కళాశాలలో చేరితే, కుండల పని ఆడవాళ్ళకెందుకన్నారు. బయటికొచ్చి, భర్తతో, మరిదితో కలిసి సొంతంగా కార్ఖానా పెట్టింది. అది బాగా పేరు తెచ్చుకుంటున్న రోజుల్లో ఆ ఇద్దరు మగవాళ్ళూ ఒకే కారు ప్రమాదంలో పోయారు. ఇద్దరు పసిపిల్లలను పెట్టుకుని ఆమే కార్ఖానా నడిపింది. తర్వాత నాజీలు వచ్చారు. ఆమె యూదు. కార్ఖానా మూసి, కారుచౌకగా వదులుకోవాల్సి వచ్చింది. ఆమె గీసిన ఆకారాలు కొన్ని కొత్తవాళ్ళ చేతుల్లో అలాగే తయారవుతూ వచ్చాయి. ఆమె ఇంగ్లండు చేరింది కానీ, ఆనాటి స్థానం మళ్ళీ దక్కలేదు.

ఇదంతా నేను రాత్రి భోజనాల దగ్గర అబ్బాకి చెప్పేదాన్ని. ఆయన అన్నం కలుపుతూ, "ఆ పిల్లలేమయ్యారు?" అని అడిగేవారు.

మేమిద్దరం ఆ ఆకారాలను చేయడం మొదలుపెట్టాం. కాలవ గట్టు మట్టి ఆరితే బీటలిచ్చేది. తెల్లమట్టి తెప్పించాం. బిళ్ళ బరువుకి కప్పు పక్కకి వాలేది, లేదంటే బట్టీలో బిళ్ళ ఊడి పడేది. నిలబడిన మొదటి కప్పును పట్టుకుని ఇద్దరం షెడ్డులో గంతులేశాం. వాళ్ళమ్మగారు అందులోనే మాకు కాఫీ పోసి ఇచ్చారు. పట్టుకోవడానికి చాలా ఇబ్బందిగా ఉంది. అయినా పూర్తిగా తాగాం.

గవర్నర్‌పేటలో ఒక హాల్లో ప్రదర్శన పెడదామని తనే అంది. కార్ఖానా చరిత్రను తెలుగులో నేను రాయాలి, తను బోర్డులు చేయించాలి. వేసవి సెలవులన్నీ దాని మీదే కూర్చున్నాను. అంత శ్రద్ధగా నేను దేన్నీ రాయలేదు.

ప్రారంభం రోజు అబ్బాని ఆటోలో తీసుకెళ్ళాను. ఆయన కళ్ళజోడు సర్దుకుంటూ ఒక్కో బోర్డూ చదివి, చివరిదాని ముందు ఆగిపోయారు.

"బేటీ, నువ్వు చెప్పింది ఇది కాదు కదా?"

చూశాను. 'అనంతరం ఆమె సంస్థను ఇతరులకు అప్పగించి, ఇంగ్లండులో స్థిరపడ్డారు.' అంతే. నాజీలు లేరు. యూదు అన్న మాట లేదు. కింద, రచన అంటూ నా పేరు.

తను తలుపు దగ్గర పూలగుత్తులు అందుకుంటోంది. పక్కకి పిలిచాను.

"ఆ చివరి బోర్డు ఎవరు మార్చారే?"

"నేనే. హాలు ఇచ్చినాయన చదివి, గొడవలొచ్చేవేమన్నా ఉంటే తీసెయ్యమన్నాడు. కప్పులు చూడ్డానికొచ్చేవాళ్ళకి అవన్నీ ఎందుకు చెప్పు?"

"నాతో ఒక్క మాట అనొచ్చుగా?"

"అంటే ఒప్పుకుంటావా నువ్వు? అయినా నీ మంచికే చేశానే. నీ పేరుతో అలాంటివి రాస్తే ఎవడో ఒకడు ఏదో ఒకటి అంటాడు."

"నా పేరుతో అంటే?"

తను చేతిలో పూలగుత్తిని సర్దుకుంది. మా స్నేహంలో ఏనాడూ నా పేరు ఒక అడ్డంకిగా తనకి కనబడిందని నాకు తెలియదు. ఎప్పటి నుంచి కనబడుతోందో అడగాలనిపించింది. అబ్బా దగ్గరికి వెళ్ళిపోయాను.

సభలో నన్ను మాట్లాడమన్నారు. మైకు పట్టుకున్నాను. కార్ఖానా ఎలా మొదలైందో, ఎలా చేతులు మారిందో, ఎందుకు మారిందో అంతా చెప్పాను. చివరి బోర్డు మీది వాక్యం నాది కాదని కూడా చెప్పాను. హాలు ఇచ్చినాయన వాచీ చూసుకున్నాడు. జనం మర్యాదగా చప్పట్లు కొట్టి టీల దగ్గరికి వెళ్ళారు. ఒకావిడ వచ్చి నా చెయ్యి నొక్కి, "పాపమండీ ఆవిడ" అంది. మరొకాయన ఆ పసుపు కప్పులు అమ్ముతారా అని అడిగాడు.

ఆ సాయంత్రం తన మెసేజ్ వచ్చింది. "అందరి ముందూ నా పరువు తీశావు. నిన్ను నమ్మినందుకు బుద్ధొచ్చింది." ఆ నమ్మకం అన్న మాట తను రాయడమే నాకు వింతగా తోచింది. చాలాసేపు జవాబు టైపు చేసి, చెరిపేశాను.

మర్నాడు అబ్బా, నేను వెళ్ళి బోర్డు మీద నా పేరు తీయించాం. వాక్యం అలాగే ఉండిపోయింది. ప్రదర్శన బాగా జరిగిందని పత్రికలో కూడా వచ్చింది.

కంకిపాడు వెళ్ళడం మానేశాను. కొన్నాళ్ళకి వాళ్ళమ్మగారు ఫోన్ చేశారు.

"ఏమ్మా, కనబడ్డమే మానేశావు? మీరిద్దరూ ఏమన్నా అనుకున్నారా?"

"అబ్బే, అదేం లేదండీ ఆంటీ. వస్తాను."

వెళ్ళలేదు. కాలం గడిస్తే కోపం పోతుందంటారు. నాకు పోలేదు. 'నీ పేరుతో' అన్న ఆ మాట ఎవరో తెలియనివాడు అంటే రెండు రోజులు బాధపడి మర్చిపోయేదాన్ని. తను అంది, అదీ నా మంచి కోరి.