కొండెక్కని సాక్ష్యం

రావులపాలెంలో టీచరుగా రిటైరైన ప్రసన్నకుమారి, తోటి టీచరు మెర్సీ కలిసి ఐర్లండ్ యాత్రకు వెళ్లొచ్చారు. పచ్చిక మొలిచిన పాత మఠాలన్నీ ఇద్దరూ కలిసే చూశారు. సెయింట్ పాట్రిక్ ఉపవాసమున్నాడని చెప్పే కొండను మాత్రం ప్రసన్నకుమారి ఒక్కతే ఎక్కింది. కాలు పెడితే జారే రాళ్లు, ముఖాన కొట్టే వాన.

"నావల్ల కాదండీ బాబూ, మీరెళ్లి రండి," అని మెర్సీ కింద హోటల్లో టీ తాగుతూ కూర్చుంది. దిగొచ్చాక మాత్రం ప్రతి ముక్కా గుచ్చి గుచ్చి అడిగింది. పాపం, చూడలేకపోయింది కదా అని ఈ పిచ్చి ప్రసన్నకుమారి పూసగుచ్చినట్టు చెప్పింది.

ఊరికి తిరిగొచ్చాక ఆదివారం చర్చిలో సాక్ష్యాలు చెప్పే వేళ మెర్సీయే ముందు లేచింది.

"సగం కొండెక్కాక జారి పడ్డానండీ. ప్రభువే చెయ్యందించి లేపాడు," అంటూ కళ్లు తుడుచుకుంది.

పడింది ప్రసన్నకుమారి. మోచేతి మీద పక్కు ఇంకా ఊడలేదు. ఒళ్లు మండిపోయింది. అబద్ధమని అరవడానికే లేచి నిలబడింది.

"సహోదరి సాక్ష్యానికి అందరం ఏమందామండీ?" అన్నారు పాస్టరుగారు.

పుట్టి బుద్ధెరిగిననాటి అలవాటు. అందరికంటే గట్టిగా ప్రసన్నకుమారి నోరే పలికింది:

"ఆమెన్!"