ఫిలోమినా ఎర్రతాళ్లు

చలికాలం వచ్చిందంటే ఫిలోమినా చేతులు మోచేతుల దాకా ఎర్రగా ఉండేవి. నూలు తాళ్లు రంగులో ముంచి, పిండి, పొయ్యి పైన దండేనికి ఆరేసేది. పక్కింటి లియోనీ గుమ్మంలోంచే, "ఇవాళ ఎవరి పీక కోశావే?" అనేది. "నీదొక్కటే మిగిలింది, వచ్చి కూర్చో" అనేది ఫిలోమినా.

ఆ తాళ్లు కొండ మీంచి గడ్డి లాక్కొచ్చే మగవాళ్ల కోసం. మా ఆల్ప్స్ లోయలో ఎండాకాలం, అంటే ఆగస్టులో, కోసిన గడ్డిని పైన కొట్టాల్లోనే దాచి, మంచు పడ్డాక చక్రాల్లేని జారుబండ్ల మీద కిందికి లాగుతారు. దారిలో ఒక గండి దాటాలి. మంచు చరియలు విరిగిపడేది అక్కడే. ఎండ తగలకముందే, ఒకరి తర్వాత ఒకరు, నడుముకి పన్నెండు బారల ఎర్రతాడు కట్టి ఈడ్చుకుంటూ దాటాలి. మనిషి కూరుకుపోయినా తేలికపాటి తాడు పైకి తేలుతుంది. దాన్ని పట్టుకుని తవ్వితే మనిషి దొరుకుతాడు.

ఫిలోమినాకి పెళ్లయిన ఆరో ఏట, జనవరిలో, మూడు రోజులు విడవకుండా మంచు కురిసింది. నాలుగోనాడు వెచ్చగాలి తిరిగింది. మొగుడు తియోడుల్ బండి తీశాడు.

"మంచు ఆగాక రెండు రోజులు కొండెక్కొద్దని మీ నాన్నే కదా అనేవాడు?"

"అనేవాడు. ఆవుకి చెప్పడం మర్చిపోయాడు. గడ్డి ఇవాళ్టితో సరి."

"లియోనీని రెండు మోపులు అడుగుతాను."

"నా ఆవుకి పక్కింటి గడ్డా?"

మా లోయ మగవాడు పిల్లనడుగుతాడు, పొలం అడుగుతాడు, గడ్డి మాత్రం అడగడు. ఫిలోమినా అతని నడుముకి తాడు కట్టింది. తియోడుల్ తన తమ్ముడు సెవెరిన్‌ని వెంటబెట్టుకుని వెళ్లాడు.

పైన జరిగింది సెవెరిన్ తర్వాత చెప్పాడు. గడ్డితో దిగుతుంటే తాడు బండి కింద చిక్కుకుని రెండుసార్లు తియోడుల్‌ని వెనక్కి లాగిందట. అతను విసుక్కుని ముడి విప్పి, తాడుని గడ్డిమోపుకి కట్టాడట. "నేను పోతే అరుస్తాను, గడ్డి అరవలేదు కదరా" అని నవ్వాడట.

సెవెరిన్ ముందు దాటి బండచాటున నిలబడ్డాడు. తియోడుల్ గండి మధ్యలో ఉండగా చరియ విరిగింది.

ఊరంతా పారలతో పరిగెత్తింది. మంచు మీద ఎర్రతాడు కొస కనబడగానే ఫిలోమినాకి ప్రాణం లేచొచ్చింది. అందరూ ఆ కొస దగ్గరే తవ్వారు. సెవెరిన్ నోట మాట పడిపోయింది, చెయ్యి మాత్రం అడ్డంగా ఊపుతున్నాడు. ఎవరు చూస్తారు? గంటసేపు తవ్వాక దొరికింది గడ్డి. ఆగస్టు వాసన కూడా పోలేదు దానికి.

తియోడుల్ మంచు కరిగాక మే నెలలో బయటపడ్డాడు. గడ్డికి నలభై అడుగుల దిగువన. లోతు కూడా లేదు, మూరెడు.

ఆ జనవరిలో తవ్వి తెచ్చిన గడ్డిని ఫిలోమినా మూడు రోజులు ముట్టలేదు. ఆవు అరిచింది. నాలుగోనాడు వేసింది. ఆ పాలు పితికింది, తాగింది. తాగక ఏం చేస్తుంది?

"వదినా, విప్పడం చూసి కూడా ఊరుకున్నాను" అన్నాడు సెవెరిన్ ఒకనాడు.

"చెప్పినా వినేవాడు కాదు" అంది. చేతిలో తాడు పిండి, "కానీ నువ్వు చెప్పలేదు" అంది.

ఆ ఏటి నుంచి గడ్డికి వెళ్లే ప్రతి మగవాడూ ఊరి చివర ఆమె ముందు ఆగాల్సిందే. తాడు తానే కట్టేది. ముడి వెనక వైపు వేసేది, కట్టుకున్నవాడి చెయ్యి అందనిచోట.

"నేనేమన్నా దూడనా, అత్తా?" అని గొణిగేవాళ్లు కుర్రవాళ్లు.

"దూడవైతే ఇంత గట్టిగా కట్టను. దానికి బుద్ధుంది."

సెవెరిన్ ఎప్పుడూ చివర్న వచ్చేవాడు. వీపు తిప్పి నిలబడేవాడు. ఆమె ముడి వేసి, ఒకసారి గుంజి చూసి, మళ్లీ గుంజేది. అతను కొండెక్కుతుంటే, ఆ ఎర్రటి కొస మలుపు తిరిగేదాకా చలిలో అక్కడే నిలబడేది. చూసేది మనిషిని కాదు, తాడుని.