అలికేసిన మేత పట్టిక

రొయ్యల మేత బస్తా విప్పగానే ఎండుచేపల వాసన గుప్పుమంటుంది. నిన్న అలా విప్పానో లేదో, ఎండ చటుక్కున మాయమై మబ్బు కమ్మింది. నడివేసవిలో మబ్బు! నా చేయి బస్తాలోనే ఆగిపోయింది. దాన్ని అలా ఆపింది సుబ్బరాజు గారు. ఆయన పోయి చాలా ఏళ్ళయింది. చేయి మాత్రం ఇప్పటికీ ఆయన మాటే వింటుంది.

రెండు వేల సంవత్సరం దాటిన కొత్తలో నేను సూరత్‌లోని ఉధ్నాలో మరమగ్గాలు నడిపేవాణ్ణి. సిరిసిల్ల వైపు నుంచి వచ్చిన పదిమందిమి ఒకే గదిలో ఉండేవాళ్ళం. దుమ్ముకి ఛాతీ పాడైంది. మళ్ళీ మగ్గం దగ్గర నిలబడితే బతకవన్నాడు డాక్టరు. అలా ఊరు దాటి, సముద్రం వైపున్న రొయ్యల చెరువుల్లో పనికి కుదిరాను. అక్కడ మేనేజరు సుబ్బరాజు గారు. భీమవరం వైపు మనిషి, చెరువుల యజమాని గుజరాతీ శేఠ్ ఏరికోరి తెచ్చుకున్నాడు. ఎప్పుడు చూసినా మోకాళ్ళదాకా తడిసి ఉండేవారు. నా మాట ఆయనకు నవ్వు, ఆయన సాగదీత నాకు నవ్వు. పని మాత్రం తిట్టే నేర్పారు.

గట్టు మీది పాకలో మట్టిగోడ మీద ఆయన సున్నంతో రాసిన మేత పట్టిక ఉండేది. ఏ నెలలో, రొయ్య ఏ వయసులో, రోజుకు నాలుగుసార్లు ఎంతెంత చల్లాలో అందులో ఉండేది. ఇరవై ఏళ్ళ అనుభవం అది. మాకు అదే వేదం.

ఒక చైత్రమాసంలో ఆయన చెరువు నాకు అప్పజెప్పి, సామాన్ల కోసం సూరత్ వెళ్ళి ఆ రోజుకు అక్కడే ఉండిపోయారు. పొద్దున్నే కాలం కాని కాలంలో ముసురు పట్టింది. నేనా, మగ్గాల మనిషిని. ఎండయినా వానయినా షిఫ్టు షిఫ్టే. గడియారం చూసి నాలుగు పూటలా, పట్టికలో ఉన్నదంతా చల్లాను. మబ్బు రోజున నీళ్ళలో ప్రాణవాయువు తగ్గుతుందని, రొయ్య సరిగా తినదని, మిగిలిన మేత అడుగున కుళ్ళి ఉన్న గాలిని కూడా లాగేస్తుందని నాకేం తెలుసు?

తెల్లారేసరికి రొయ్యలు గట్టు వెంట పైకి తేలి అల్లాడుతున్నాయి. అప్పుడే ఆటో దిగిన సుబ్బరాజు గారు చొక్కా విప్పి నీళ్ళలోకి దిగారు. నీళ్ళు చిలికే యంత్రాలన్నీ ఆడించారు. పోటు రాగానే కొత్త నీళ్ళు తోడించారు. సాయంత్రందాకా గట్టెక్కలేదు. సగం పోయాయి, సగం నిలిచాయి. నేను మూట కట్టుకున్నాను. మళ్ళీ ఆ మగ్గాలే అనుకుంటే ఊపిరాడలేదు.

"గోడ మీద రాసినట్టే ఏసిన సార్. గంట గూడ తప్పలే" అన్నాను.

"అదేనయ్యా నీ తప్పు. రాసింది నేను గాబట్టి నా తప్పూనూ" అన్నారు.

శేఠ్ వచ్చి నన్ను పంపెయ్యమన్నాడు. పట్టిక నాది, పంపితే నన్ను పంపండి అని ఆయన హిందీలో తెగేసి చెప్పారు. శేఠ్ గొణుక్కుంటూ వెళ్ళిపోయాడు. అప్పుడు సుబ్బరాజు గారు బకెట్లో మట్టి కలిపి, ఆ పట్టికనంతా తన చేత్తోనే అలికేశారు. నాకు ఏడుపొచ్చింది.

"నేనెరిగుండగా చైత్రంలో ముసురు పట్టలేదు. ఎండలు చూస్తే ముందే ముదిరిపోతన్నాయి. నాకు తెలిసిన కాలం ఇప్పుడు లేదయ్యా. రేపట్నించి నేనూ నీతోపాటే నేర్చుకోవాలి" అన్నారు చేతులు కడుక్కుంటూ.

అన్నట్టే నేర్చుకున్నారు, యాభై దాటిన వయసులో. చెరువు లోతు తవ్వించారు, రొయ్యపిల్లను పలచగా వేయించారు, మూడు పూటలా నీళ్ళ వేడి కొలిచేవారు. కాస్త మేత వేసి నీళ్ళలో ముంచి ఉంచిన వల తట్ట లేపి, రొయ్య తిన్నదో లేదో చూశాకే మేత చల్లాలి. తట్ట చూడకుండా బస్తా ముట్టుకుంటే నా చేతి మీద చరిచేవారు.

ఇప్పుడు రెండు చెరువులు నేనే కౌలుకు చేస్తున్నాను. కాలం అప్పటికన్నా మొండికేసింది, నేనూ మొండికేశాను. పనికి వచ్చినవాళ్ళు పట్టిక రాసిమ్మంటారు. రాయను. నా పాకలో గోడ ఖాళీగానే ఉంటుంది.

నిన్న గట్టు మీదికి వెళ్ళి తట్ట లేపాను. పొద్దున వేసిన మేత వేసినట్టే ఉంది. వెనక్కి వచ్చి బస్తా మూతి కట్టేశాను.