రెండు సారెలు

ఆ రోజుల్లో కంప్యూటర్ అంటే రేషన్ కార్డుకి ఫోటో తీసే పెట్టె అని నా లెక్క. దాని ముందు కూర్చుంటే రెప్ప వేయకూడదు, నవ్వకూడదు, అంతే. ఆ పెట్టెలో ఒక దేశం ఉంటుందనీ, ఆ దేశంలో కూడా మన నల్లరేగడి ఉంటుందనీ, ఈ నేల మీద నన్ను ముట్టుకోనివ్వని కుమ్మరి సారెని మొదటిసారి అక్కడ తిప్పుతాననీ ఎవరైనా చెబితే, ఎండదెబ్బ తగిలిందేమో, కాసిని మజ్జిగ తాగమని పంపేసేదాన్ని. నేను చదివింది నాలుగో తరగతి. నేను చెబుతుంటే మా అమ్మాయి రాస్తోంది. (నాది కుండలు కాల్చే ఆవం పొగ మింగిన గొంతు, గరగరలాడుతుంది. వినపడనిచోట ఇది సొంత కవిత్వం కలుపుతుందేమోనని నా భయం. కలపనంటోంది, చూద్దాం.)

అప్పటికి నాకు ఇరవై ఆరేళ్ళు, మా ఆయన పోయి ఏడాది. మా ఇళ్ళలో మట్టి తొక్కడం, చెక్కతో కొట్టి కుండ అడుగు గుండ్రం చేయడం, ఆవం పేర్చి కాల్చడం, బజారులో గొంతు చించుకుని అమ్మడం అన్నీ ఆడవాళ్ళ పనులే. సారె తిప్పడం ఒక్కటే మగవాళ్ళది. ఆడది సారె మీద చెయ్యి వేస్తే ఆవంలో ఒక్క కుండ మిగలదని మా అత్త చెప్పేది. అందుకని ఆయన పోయాక సారె గొడ్లకొట్టంలో గోనెపట్టా కప్పుకుని కూర్చుంది. ఆయన చేసి పెట్టిపోయిన కుండల్ని నేను బుట్టలో సర్దుకుని, అరగంట బస్సెక్కి మంగళగిరిలో అమ్మేదాన్ని. ఎవరైనా బేరమాడి కొనకుండా వెళ్ళిపోతే పైకి తిట్టేదాన్ని గానీ లోపల సంతోషం. ఎందుకంటే ఆ కుండలైపోగానే సారెని సత్తెనపల్లి పక్కనుండే మా చిన్నమామకి ఇచ్చేస్తానని అత్త తేల్చి చెప్పేసింది. "తిప్పేవాడు లేని సారె ఇంట్లో ఎందుకే? చిన్నమామ ట్రాక్టర్ తెస్తాడు, ఎక్కించేద్దాం" అంది. నాకది వెళ్ళకూడదు. ఆయన చేతులు ఆనిన చోటు అదొక్కటే మిగిలిందని అప్పట్లో నాకు చెప్పడం రాలేదు.

అట్లాంటి రోజుల్లో మగ్గాల వీధి వెనక మేడలో కొత్తగా వచ్చిన ఆఫీసు నుంచి ఒక అమ్మాయి కుండ కొనడానికి దిగింది. జుట్టు ముడేసి అందులో పెన్సిల్ గుచ్చుకుంది. (నేను ఆమెని పెన్సిలమ్మాయి అనే పిలిచేదాన్ని, ఆమె పలికేది.) "ఇవి మీరే చేస్తారా?" అంది. "మేమేనండీ" అన్నాను. ఆ 'మేము'లో ఎవరున్నారో ఆమె అడగలేదు, నేను చెప్పలేదు. "అయితే ఒక్కసారి లోపలికి రండి మేడం" అంది. మేడం ఎవరా అని నేను వెనక్కి తిరిగి చూశాను.

వాళ్ళు అక్కడ ఆట తయారుచేస్తున్నారు. ఎక్కడెక్కడి మనుషులో ఎవరింట్లో వాళ్ళు కూర్చుని, అందరూ కలిసి ఒకే దేశంలో తిరిగే ఆట. బొమ్మ వేషాలు కట్టుకుని యుద్ధాలు చేస్తారు, వంటలు చేస్తారు, ఇళ్ళు కడతారు. ఇప్పుడు కుండలు కూడా చేయాలట. అదెట్లాగో నేను చెప్పాలట. ఫ్యాను కింద కుర్చీ వేశారు. అక్కడ కూర్చున్నంతసేపూ బుట్టలో కుండలు అమ్ముడుపోవు కదా, అది నాకు బాగా నచ్చింది. వారానికోసారి వస్తానన్నాను.

"ఇప్పుడెట్లా పెట్టావమ్మా?" అని అడిగాను. "మట్టి ఒకటి, నీళ్ళు ఒకటి, బటన్ నొక్కితే కుండ" అంది. "నొక్కితే కుండొచ్చేదానికి మా వంశమంతా నడుములెందుకు విరగ్గొట్టుకున్నట్టు?" అన్నాను. పెన్సిల్ జుట్టులోంచి కాగితం మీదికి దిగింది. వట్టి రేగడి పగులుతుంది, ఇసుక కలపాలి అన్నాను. చేసిన కుండ నీడలో మూడు రోజులు ఆరాలన్నాను. "మూడు రోజులా! ఆడేవాళ్ళు మూడు నిమిషాలు ఆగరండీ" అని తల పట్టుకుని, కాసేపు లెక్కలేసి, వాళ్ళ దేశంలో ఒక రోజంటే మన ఎనిమిది నిమిషాలేనని తేల్చింది. ఎనిమిది నిమిషాలకి తెల్లారి పొద్దుగూకే ఊరు! అక్కడైతే ఒక ఏడాది దుఃఖం రెండు రోజుల్లో అయిపోతుంది కదా అనుకున్నాను. ఇక ఆవానికి నిప్పెక్కడిదంటే డ్రాగన్‌ది అంది. డ్రాగన్ అంటే నిప్పు కక్కే పెద్ద పామట. "పాముంటే పుట్ట ఉంటుంది. పుట్టమట్టి మంచిది, అది కూడా పెట్టు" అన్నాను. పెట్టింది. పత్తికట్టెతో కాల్చాలి, మిరపకట్టె వేస్తే ఊరంతా తుమ్ముతారన్నాను. దానికి ఆఫీసు ఆఫీసంతా లేచి వచ్చింది. ఆటలో ఎవడైనా మిరపకట్టె వేస్తే చుట్టుపక్కల వీరులందరూ కత్తులు కిందపడేసి తుమ్మేటట్టు చేశారు. "పదికి ఎన్ని కుండలు పగలాలి?" అని అడిగితే మాత్రం, అది ఆవం ఇష్టం అన్నాను.

ఒక వారం ఆమె తన ఫోన్ నా ముందు పెట్టి, మాట్లాడుతూ ఉండండి, రికార్డవుతుంది అని వేరే పనికి వెళ్ళింది. నేను నోటికొచ్చినంతా చెప్పాను. సారె లేకపోతే కుండ లేదు, అత్తింట్లో సారె ఉంటే ఆ ఇంట్లో అన్నం ఉన్నట్టే, సారె మధ్యలో మట్టిముద్ద గట్టిగా వేయాలి అని. పై వారం వెళ్ళేసరికి పెన్సిలమ్మాయి గర్వంగా చూపించింది. ఒక వీరుడు మట్టి మోసుకొచ్చాడు. అతని ముందు పెద్ద ఇత్తడి పళ్ళెం, అందులో పట్టుచీర, పసుపు కుంకుమ, గోపురంలా పేర్చిన లడ్లు, అరిసెలు. వీరుడు ఆ నల్లటి ముద్దని తీసి లడ్ల మీద ధబీమని వేశాడు.

"ఇదేంటమ్మా!"

"సారె! మీరే చెప్పారుగా. మా అక్క పెళ్ళిలో అత్తారింటికి పంపింది చూసి గీశాను. రెండు రోజులు పట్టింది తెలుసా?"

పాపం, ఆమె బెంగుళూరులో పెరిగిన పిల్ల, పెళ్ళిళ్ళలో నేర్చుకున్న తెలుగు. నేను నవ్వాను. ఏడాది తర్వాత నవ్వడం, గొంతుకి అలవాటు తప్పి దగ్గొచ్చింది. కళ్ళు తుడుచుకుంటూ, సారెలు రెండున్నాయమ్మా అని చెప్పాను. ఒకటి మా అమ్మ పర్చూరు నుంచి నాతో పంపింది, లడ్లూ అరిసెలూ, మూడు రోజుల్లో వీధంతా తినేశారు. రెండోది గిరగిరా తిరిగేది, దాన్ని నన్ను ముట్టుకోనివ్వలేదు అనేశాను. అనేశాక నాలిక కరుచుకున్నాను.

"ముట్టుకోలేదా? మరి ఇదంతా ఎట్లా తెలుసు?"

"చూశాను. ఎనిమిదేళ్ళు ఎదురుగా కూర్చుని మట్టి అందించాను."

ఇంక బుట్ట ఎత్తుకోమంటుందని లేచి నిలబడ్డాను. ఆమె పెన్సిల్ కొరుకుతూ, "అయితే మీరే చెప్పండి. ఆటలో సారె మగబొమ్మ ఒక్కడే తిప్పాలా, ఆడబొమ్మ కూడానా? మీరు చెప్పిందే పెడతాను" అంది. నన్నెవరైనా ఏదైనా అలా అడగడం అదే మొదలు. "ఇద్దరికీ పెట్టు" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినపడింది.

ఆ పళ్ళెం తీసేసి సారె గీయడానికి ఆమెకి ఇంకో వారం పట్టింది. మౌస్‌ని ఎలక అంటారు కదా, దాన్ని నా చేతికిచ్చి గుండ్రంగా తిప్పమంది. తెర మీద పచ్చ చీర కట్టిన ఆడబొమ్మ కర్ర పెట్టి సారెని తిప్పింది. మూడు కుండలు కూలిపోయాయి. నాలుగోది నెమ్మదిగా లేచింది, నిద్రలోంచి లేచినట్టు. ఆ దేశంలో పొద్దుగూకింది, మళ్ళీ తెల్లారింది, మబ్బులు నీడలు లాక్కుంటూ పోయాయి, నా ముందు కుండ పెరుగుతూనే ఉంది. మట్టివాసన ఒక్కటే లేదు. ఆయన ఎదురుగా కూర్చుని మట్టి అందిస్తున్నాడనిపించింది. పెన్సిలమ్మాయి మూడుసార్లు పిలిచిందట, నాకు వినపడలేదు.

బుట్ట నిండుగా వెళ్ళి నిండుగా తిరిగొస్తుంటే అత్తకి అనుమానం రాదా? "ఎక్కడ కూర్చుంటున్నావే? పద, నేనూ వస్తా" అని ఒకరోజు బస్సెక్కేసింది. ఆఫీసులో ఆమెని నా కుర్చీలోనే కూర్చోబెట్టారు. పెన్సిలమ్మాయి ఎలకని తిప్పుతూ మొత్తం చూపించేసింది. తెర మీద ఆడబొమ్మ సారె ముందు కూర్చోగానే, ఇవాళ్టితో ఆటా పోయింది, సారే పోయింది అనుకున్నాను. అత్త కళ్ళు చిట్లించి చూసింది.

"ఎవతెవే అది?"

"బొమ్మ అత్తా."

"బొమ్మో గిమ్మో, మోచెయ్యి గాల్లో పెట్టి తిప్పుద్దేంటి? మోకాలికి ఆనించమను. లేకపోతే మూతి వంకర పోద్ది."

పెన్సిలమ్మాయి ఎలకని వదిలేసి మెల్లగా, "అమ్మమ్మగారూ, మీరు తిప్పారా?" అంది.

అత్త కొంగు భుజం మీదికి లాక్కుంది. "మా ఇంటాయన, వీళ్ళ మామ, సంతకి పోయినప్పుడు. రెండు మూడుసార్లు." నావైపు తిరిగి, "అన్నీ నీకు చెప్పి చెయ్యాలా ఏంది?" అంది.

"మరి ఆవం పగల్లేదా అత్తా?"

"ఒక్కటి పగిలింది. అది ఎట్టాగూ పగిలేదే."

తిరుగు బస్సులో అత్త కిటికీ పక్కన కూర్చుంది. కిటికీలోంచి కళ్ళాల్లో ఆరబోసిన మిరపకాయలు ఎర్రగా పారుతున్నాయి. మా స్టాపు వస్తుండగా, "చిన్నమామకి కబురుపెట్టు, ట్రాక్టర్ తేవద్దని" అంది. మర్నాడు గోనెపట్టా ఆమే తీసింది. నేను చేసిన మొదటి కుండని అటూ ఇటూ తిప్పి చూసి, "దీన్ని కుండంటే కుండలు ఏడుస్తాయి. కోళ్ళకి నీళ్ళు పెట్టు" అంది. కోళ్ళు మాత్రం ఏ పేరూ పెట్టలేదు.

తర్వాత ఆ ఆఫీసు ఎత్తేశారు. ఆట లోకంలోకి వచ్చిందో లేదో నాకు తెలియదు. వెళ్ళేముందు పెన్సిలమ్మాయి ఒక మాట చెప్పింది. ఆడబొమ్మ సారె ముందు కూర్చున్నప్పుడల్లా పక్కన పళ్ళెంలో ఒక లడ్డు వచ్చేటట్టు ఉంచేసిందట. అదెందుకో అర్థం కాక ఇతర దేశాలవాళ్ళు తల గోక్కోవాలి, గోక్కోనీ అంది. ఇప్పుడు నా మణికట్లు నొప్పులు. ఒక్కోసారి ఊరికే కూర్చున్నప్పుడు కుడిచెయ్యి ఎలకని పట్టుకున్నట్టు గాల్లో తిరుగుతుంది, ఆ పచ్చ చీర పిల్ల ఏ కుండ దగ్గర ఉందో అనుకుంటాను. ఆయన చేసిన కుండల్లో ఆఖరిది అమ్మలేదు, ఎవరైనా బేరమాడితే కసురుకుంటాను. నా దగ్గర పని నేర్చుకోవడానికి ఆడపిల్లలు వస్తుంటారు. ఎవరొచ్చినా ముందు చేతిలో లడ్డు పెట్టి, ఆ తర్వాతే మట్టి పెడతాను. సారె పెట్టకుండా ఎవరినీ సారె ముందు కూర్చోబెట్టను.

(మా అమ్మాయి కలం ఆపి, ఇక్కడ ఏ సారె అని రాయాలమ్మా, చదివేవాళ్ళకి తికమక అవుతుందేమో అంటోంది. అవనీ. నాకూ అయింది, రాయి.)