స్పానిష్‌లో నేర్చుకున్న ఒక్క ప్రశ్న

సుల్తాన్‌పూర్‌లో సిరంజీలు చేసే మా ఫ్యాక్టరీకి స్పెయిన్ నుంచి ఇంజనీరు వస్తున్నాడని తెలిసినప్పటి నుంచీ ఒక్క వాక్యం బట్టీ పట్టాను. "కొనోసియో ఆ మి ఎర్మానో?" మా అన్నను మీరు కలిశారా అని. ఫోనే నేర్పింది. బస్సులో గొణుక్కుంటుంటే పక్కసీటామె కాస్త దూరం జరిగింది.

ఇదివరకు ఆయన వచ్చి మా మిషన్ బిగించినప్పుడు పక్కనుండి పనిచేసింది మా అన్న. కొబ్బరికాయ కొట్టనిదే స్విచ్ వేయనివ్వలేదట, ఆయనకూ దండ వేసి బొట్టు పెట్టాడట. అంతకు మించి మాకేమీ తెలియదు. ఫ్యాక్టరీ సంగతి అడిగితే "ఏముంటది, పనే గద" అనేవాడు. నిరుడు డ్యూటీ నుంచి వస్తుంటే ముంబై హైవే మీద లారీ గుద్దింది. అన్న ఉద్యోగం నాకిచ్చారు. నేను చేరేసరికి కాంట్రాక్టు మారి, అన్నతో చేసినవాళ్ళు ఒక్కరూ మిగల్లేదు.

"గా సార్‌నే అడుగు బిడ్డా, మనోడు ఆడ ఎట్లుండేటోడో" అంది అమ్మ.

అన్న ఫోన్ అన్నతోపాటే నలిగిపోయింది. ఇంట్లో గోడ మీద, దండ వేసి బొట్టు పెట్టిన ఫోటో ఒక్కటే ఉంది. దాన్నే నా ఫోన్‌లో తీసుకుని, టీ టైంలో ఆ ఇంజనీరు ముందు నిలబడ్డాను. తడబడకుండా ప్రశ్న అడిగాను.

ఆయన ఫోటో చూసి నవ్వాడు. "సీ, సీ" అని అవునన్నట్టు తలూపుతూ తన ఫోన్‌లో ఇంకో ఫోటో చూపించాడు. మెడలో బంతిపూల దండ, నుదుట బొట్టు, ఆయన. పక్కన మా అన్న, పళ్ళన్నీ బయటపెట్టి నవ్వుతూ. అన్న అట్లా నవ్వగా ఇంట్లో ఎన్నడూ చూడలేదు. నాకు సంతోషమైంది, అసూయ కూడా కలిగింది.

ఆయన నేను చూపిన ఫోటోలోని దండనూ బొట్టునూ చూపించి, తన దండనూ బొట్టునూ చూపించి, బొటనవేలు పైకెత్తాడు. అన్నకూ సన్మానం జరిగిందనుకున్నాడు. తన ఫోన్‌లో ఏదో మాట్లాడి నా ముందు పెట్టాడు. అది తెలుగులో పలికింది: "అతను ఎక్కడ? పిలవండి."

నేను నేర్చుకున్నది ఒక్క ప్రశ్నే. దీనికి జవాబు నేర్చుకోలేదు. ఆయన తలుపు వైపే చూస్తున్నాడు. మా అన్న ఇంకా బతికి ఉన్నది ఆ ఒక్క మనిషి దగ్గరే. అదీ నా నోటితోనే పోవాలా అని ఏడుపొచ్చింది.

ఇంట్లో మేమెవరం ఆ మాట అనం. లేడు అనే అంటాం. ఆయన ఫోన్ నోటి దగ్గరికి తీసుకుని మొదటిసారి అన్నాను.

"మా అన్న సచ్చిపోయిండు సార్."