దేముడు తీసిన కొంగ

సినిమావాళ్ల తాతల పేర్లు కూడా అడుగుతారు గాని, మన ట్రాఫిక్ కాలనీలోనే బతికిన దేముడి గురించి ఒక్కరైనా అడిగారా? మీ నోళ్లకి బూజు పట్టిందా?

దేముడు రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరు. ఒక పాత డబ్బా కెమెరా కొన్నాడు. పెళ్లాం గంగాభవానికన్నా దాన్నే ఎక్కువ తుడిచేవాడు. అది చూసి బావమరిది గోవిందరావుకి కడుపుమంట.

"జనాన్ని నిలబెట్టి ఎవడైనా తీస్తాడు బావా. బతికున్న పిట్టని తియ్యి సూద్దుం."

"తీస్తాన్రా. తీయలేకపోతే కెమెరా నీదే."

మర్నాడే రైలు పాసు పట్టుకుని బాలాసోర్‌లో దిగి, చాందీపూర్ సముద్రానికి పోయాడు. ఎర్రపీతలు అడుగు చప్పుడుకే బొరియల్లో దూరిపోయాయి. కొంగలు కెమెరా ఎత్తేలోగా ఒడిశా దాటిపోయాయి. చివరికి పడవల రేవుకి చేరితే అక్కడంతా మన సిక్కోలు బెస్తవాళ్లే.

"మీదే ఊరయ్యా?" అంది జోగమ్మ అనే ముసలమ్మ.

"కళింగపట్నం పక్కన, మామ్మా."

"అయితే మనవడివే. ముందు మమ్మల్ని తియ్యి. కొంగలెక్కడికి పోతాయి?"

చుట్టరికం కలిశాక కాదంటే బాగుంటుందా? వలని తీశాడు, పడవని తీశాడు, కొత్తల్లుణ్ని తీశాడు, అల్లుడి సైకిల్ని విడిగా తీశాడు. రీలులో ఒక్క బొమ్మ మిగిలింది. అది కూడా చేపలబుట్ట నెత్తినెట్టుకుని నిలబడ్డ జోగమ్మకీ ఆవిడ బలగానికే పోయింది. కెమెరా పోయినట్టే అనుకున్నాడు దేముడు.

"కదిలితే మొహం రెండవుద్ది," అన్నాడు నీరసంగా.

అందరూ ఊపిరి బిగబట్టి గుంజల్లా నిలబడ్డారు. నిజంగా గుంజలే అనుకుందో ఏమో, ఒక తెల్లకొంగ వచ్చి జోగమ్మ బుట్ట అంచున వాలింది.

జోగమ్మ పెదవి కదపకుండా అంది: "మనవడా, నెత్తి మీద ఏదో నడుస్తంది."

"కదలకు మామ్మా."

"నా సేపలు తింతందిరా."

"తిననీ. మొహం రెండవుద్ది."

టక్కుమంది కెమెరా. కొంగ చేపతో ఎగిరిపోయింది. మిగిలిన చేపలతో జోగమ్మ దేముణ్ని బస్సు దాకా తరిమి కొట్టింది.

తిరిగొచ్చి మన గోల్‌బజార్‌లో ఫోటో కడిగించి తెచ్చాడు. గోవిందరావు కళ్లజోడు పెట్టి చూశాడు.

"ఇది సచ్చిన కొంగ బావా. బతికున్నదైతే ముసిల్ది ఊరుకుంతదేటి? కెమెరా ఇలాగియ్యి."

దేముడు కెమెరాని ఒళ్లోకి లాక్కున్నాడు. గంగాభవాని ఫోటో అందుకుని దీపం దగ్గర పెట్టింది.

"ఒరే గోవిందూ, దీని ముక్కులో సేప తోక ఏలాడతంది. సచ్చిన కొంగ సేపలు తింతదేట్రా?"

గోవిందరావు కళ్లజోడు తీసి, టీ పెట్టమన్నాడు. కెమెరా దేముడి ఇంట్లోనే ఉండిపోయింది.

దాన్ని తుడుచుకుంటూనే బతికి, దేముడు డెబ్బై ఎనిమిదో ఏట పోయాడు.